పాత ఉన్ని బేస్‌బాల్ చొక్కా దొరికితే ఏం చూడాలి, ఎలా దాచాలి

ముందు ఒక్క మాట. ఉతకొద్దు. డ్రైక్లీనింగ్‌కీ ఇవ్వొద్దు. ఊడిన గుండీ కుట్టొద్దు, చిరుగుకి రఫ్పు చేయించొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు.

పాత ఇల్లు కొన్నప్పుడు అటక మీది ట్రంకుపెట్టెలో దొరికినా, ఎస్టేట్ సేల్‌లో దుప్పట్ల కింద కనబడినా, పక్కింటి పెద్దావిడ "మా తాతగారిది, మీరే ఉంచుకోండి" అని చేతిలో పెట్టినా, మనవాళ్లు మొదట చేసే పని దాన్ని శుభ్రం చేయడమే. మాసిన బట్ట ఇంట్లో ఉంటే మనకి మనసొప్పదు. కానీ వందేళ్ల నాటి బేస్‌బాల్ చొక్కా విషయంలో చెమట మరక, గడ్డి మరక, ఊడిపోయిన అక్షరం వదిలిన సూది రంధ్రాలు, ఇవే దాని పుట్టుపూర్వోత్తరాలు. ఇవి పోయాక మిగిలేది పాత ఉన్నిగుడ్డ మాత్రమే.

నేనుండేది న్యూజెర్సీలో. మా ఊరి హిస్టారికల్ సొసైటీలో బట్టల గదిలో వాలంటీరుగా పనిచేస్తాను. ఒకాయన వాళ్ల ముత్తాత ఆడిన ఫ్యాక్టరీ టీమ్ చొక్కా తెచ్చారు. మంచి మనసుతోనే, మాకు ఇచ్చే ముందు బాగుండాలని లాండ్రీలో వేయించారు. ఛాతీ మీది ఎర్ర ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ) అక్షరాల రంగు కారి, తెల్లటి చొక్కా ముందుభాగమంతా గులాబీ రంగు పాకింది. ఉన్ని ముడుచుకుపోయి పదేళ్ల పిల్లాడికి సరిపోయే సైజుకొచ్చింది. ఆయన ముఖం చూస్తే నాకు ఏమనాలో తోచలేదు. అలాంటిది ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇవి నిజంగానే మిగల్లేదు. బేస్‌బాల్ తొలి యూనిఫాం అని చరిత్రలో చెప్పేది న్యూయార్క్ నిక్కర్‌బాకర్స్ క్లబ్ 1849లో పెట్టుకున్నది: నీలం ఉన్ని ప్యాంటు, తెల్ల ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ. అంతకు మూడేళ్ల ముందు, 1846 జూన్ 19న, వాళ్లు హోబోకెన్‌లోని ఎలీసియన్ ఫీల్డ్స్‌లో ఆడి 23-1 స్కోరుతో ఓడిపోయారు. ఇవాళ జెర్సీ సిటీ, హోబోకెన్‌లలో ఉంటూ రోజూ రైలెక్కి మాన్‌హట్టన్‌కి వెళ్లే తెలుగువాళ్లు ఎంతమందో ఉన్నారు. ఆ ఆట జరిగింది వాళ్లుండే చోటే.

తర్వాత కాలంలో యూనిఫాం ఎక్కువగా టీమ్ చేతిలోనే ఉండేది. ఇంట్లో ఆడేటప్పుడు ఒక జత, బయట ఊళ్లలో ఒక జత. సీజన్ అయ్యాక ఆ చొక్కాలు ప్రాక్టీసుకి, తర్వాత కింది స్థాయి చిన్న లీగులకి వెళ్లేవి. అక్కడ పాత అక్షరాలు పీకేసి కొత్తవి కుట్టుకునేవాళ్లు. అరిగి చిరిగేదాకా వాడారు. మిగిలినవి పురుగు తినేసింది. అందుకే 19వ శతాబ్దపు చొక్కా కనబడటం చాలా అరుదు. టోపీ, బెల్టు, ఫొటో దొరకడానికే ఎక్కువ అవకాశం. అవి దొరికినా ఇవే జాగ్రత్తలు.

ఇంటికి తేగానే

నేరుగా బీరువాలో పెట్టకండి. ముఖ్యంగా ఉన్ని శాలువాలు, పట్టుచీరలు ఉన్న బీరువాలో అసలు వద్దు. బట్టల చిమ్మట పిల్లపురుగు తినేది ఉన్ని, బొచ్చు, ఈకల్లో ఉండే కెరాటిన్‌ని. చెమట, ఆహారం మరకలున్న చోటు దానికి మరీ ఇష్టం, కాబట్టి బేస్‌బాల్ చొక్కాలో చంకలు, కాలర్ ముందు పోతాయి. పట్టుకీ ప్రమాదమే.

చొక్కాను మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, టేపుతో గట్టిగా మూసేయండి. మడతల మధ్య ఇసుక గింజల్లా రెట్టలు, సన్నని పట్టుగూడు లాంటి గొట్టాలు, కొత్తగా పడ్డ చిల్లులు కనబడితే ఫ్రీజర్ చికిత్స అవసరం. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌కి దిగుతుందో లేదో థర్మామీటర్ పెట్టి చూసుకుని, రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకూడదు. పూర్తిగా గది వేడికి వచ్చేదాకా, అంటే ఒక రోజంతా, అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి బట్ట మీద నీరు పట్టి మరకలు పడతాయి, రంగులు కారతాయి.

కలరా ఉండలు వేయొద్దు. వేపాకు, లవంగాలు, కర్పూరం, ఏవీ వద్దు. మన అమ్మమ్మల పెట్టెల్లో అవి పనిచేశాయేమో కానీ, ఆకుల పసరు బట్టకి అంటుతుంది, నాఫ్తలీన్ వాసన ఏళ్ల తరబడి పోదు, దాన్ని పీల్చడం మనకీ మంచిది కాదు.

పరిశీలన

వెలుతురున్న గదిలో పెద్ద టేబుల్ మీద ఉతికిన తెల్ల కాటన్ దుప్పటి పరవండి. గాజులు, ఉంగరాలు, మెళ్లో గొలుసు తీసి పక్కన పెట్టండి, పాత ఉన్నిలో కొక్కెం పడితే దారం లాక్కొస్తుంది. చేతులు కడిగి ఆరనివ్వండి. హ్యాండ్ క్రీమ్ రాసుకున్న చేతులు, వంట చేసి పసుపంటిన వేళ్లు అసలు పనికిరావు. నైట్రైల్ గ్లవ్స్ మంచివి. మ్యూజియం అనగానే గుర్తొచ్చే తెల్ల కాటన్ గ్లవ్స్ ఈ పనికి మంచివి కావు, వాటి నూలు ఫెల్ట్‌కీ ఊడిన దారాలకీ పట్టుకుంటుంది. పాత సేకరణల్లోంచి వచ్చిన బట్ట అయితే ఒకప్పుడు పురుగుమందు చల్లి ఉండొచ్చు, అప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. నోట్స్ రాసుకోవడానికి పెన్సిల్ మాత్రమే.

ముందు ఫొటోలు. ముందువైపు, వెనకవైపు, ఆ తర్వాత లోపలివైపు. చొక్కాను తిప్పేటప్పుడు భుజం పట్టుకుని ఎత్తకండి, కింద దుప్పటితో సహా ఎత్తి తిప్పండి.

అసలు కథ లోపలే ఉంటుంది. బయటివైపు అందరూ చూస్తారు, నకిలీ చేసేవాడు కూడా అక్కడే శ్రద్ధ పెడతాడు. మాది చీరాల, చిన్నప్పటి నుంచీ మగ్గం చూసినదాన్ని. కొత్త చీర చేతికొస్తే అమ్మ ముందు తిరగేసి చూసేది, నేనూ ఈ చొక్కాల్ని అలాగే చూస్తాను. ఉన్ని ఫ్లానెల్ నేత బట్ట. భూతద్దం కింద పడుగూ పేకా విడివిడిగా కనబడతాయి, పైన మెత్తటి నూగు ఉంటుంది. అలా కాకుండా చిన్న చిన్న ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకున్న అల్లిక కనబడితే అది డబుల్ నిట్, అంటే 1970 తర్వాతిది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆ ఏడు జులైలో త్రీ రివర్స్ స్టేడియం తెరిచినప్పుడు తొలిసారి వేసుకున్నవి అవే. రెండు మూడేళ్లలో పెద్ద లీగుల్లో ఉన్ని పూర్తిగా పోయింది.

దారం దేనిదో తేలకపోతే, లోపలి కుట్టులోంచి ఇప్పటికే ఊడి వేలాడుతున్న ఒక్క పోగుని (కొత్తగా లాగొద్దు) పట్టుకారుతో పట్టుకుని, బట్టకి దూరంగా సింక్ దగ్గర వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన, మంట తీయగానే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. కాటన్ కాగితంలా కాలుతుంది. సింథటిక్ కరిగి గట్టి పూసలా అవుతుంది. ఉన్నీ కాటనూ కలిపి నేసిన బట్టలు కూడా అప్పట్లో ఉన్నాయి, చవక రకాల్లో ముఖ్యంగా. కాబట్టి కాటన్ కనబడగానే నకిలీ అనుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. గది లైట్లు ఆర్పేసి, టార్చిని బట్టకి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకోండి. ఛాతీ మీద నెమ్మదిగా జరపండి. మా దగ్గరకి ఒక బూడిదరంగు చొక్కా వచ్చింది, ఛాతీ మీద ఒక టీమ్ పేరు నీలం ఫెల్ట్‌తో ఉంది. పక్క వెలుగులో ఆ పేరు కిందా పైనా ఇంకో పేరు తేలింది. ఒకప్పుడు అక్కడున్న అక్షరాల కింద నూగు అరగలేదు, రంగు ఎండకి వెలవలేదు. అంచుల వెంట సూది రంధ్రాలు చీమల బారులా వరుసగా ఉన్నాయి. లోపలివైపు తిప్పితే తెగిన దారం ముక్కలు ఇంకా ఆ రంధ్రాల్లో ఇరుక్కుని ఉన్నాయి, ముదురు ఎరుపు. అంటే ఆ చొక్కా రెండు టీములకి పనిచేసింది. మొదటి పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాం. ఎవరైనా ఉతికి, ఆవిరి ఇస్త్రీ చేసి ఉంటే నూగు అంతా ఒకటైపోయి ఆ మొదటి టీమ్ ఎప్పటికీ తెలిసేది కాదు.

పేరు ఎక్కడ ఉంటుందో చూడండి: కాలర్ లోపల, గుండీల పట్టీ లోపల, చొక్కా కింది అంచు మీద. గొలుసు కుట్టుతో ఇంటిపేరు కుట్టేవాళ్లు. ఒక్కోసారి ఏడాది, సైజు కూడా. పేరు పీకేసి వేరే పేరు కుట్టిన జాడ ఉంటే అదీ ఫొటో తీయండి. కుట్టుదారం, గుండీలు, కాజాలు ఒకే కాలానివా అని చూడండి. ఒక్క గుండీ మాత్రమే వేరుగా ఉంటే అది ఎవరో తల్లి, ఎవరో భార్య కుట్టినదై ఉంటుంది, అలాగే ఉండనివ్వండి.

ఏ కాలానిది

కచ్చితమైన ఏడాది చెప్పడం కష్టం, కానీ వేషాన్ని బట్టి దగ్గరి కాలం పట్టుకోవచ్చు. ఛాతీ మీద గుండీలతో బిగించే డాలు ఆకారపు గుడ్డ, దాని మీద పెద్ద అక్షరం ఉంటే 1860లు, 70ల తీరు. అప్పటి ఫైర్‌మెన్ చొక్కాలు కూడా ఇలాగే ఉండేవి కాబట్టి తొందరపడకూడదు. 1869లో బహిరంగంగా జీతాలిచ్చి ఆడించిన తొలి టీమ్, సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్, వేసుకున్నది ఇదే: తెల్ల చొక్కా మీద ఎర్ర 'సి', మోకాళ్ల దగ్గర ఆగే ప్యాంటు, కింద ఎర్ర మేజోళ్లు. ఆ పొట్టి ప్యాంటు వల్లే మేజోళ్ల రంగు టీమ్ గుర్తయింది. ఇవాళ్టికీ రెడ్ సాక్స్, వైట్ సాక్స్ అన్న పేర్లు ఉన్నాయంటే కారణం అదే.

1882లో పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్ ఇంకో ప్రయోగం చేసింది. టీమ్‌కి మేజోళ్ల రంగు, ఆటగాడు నిలబడే స్థానానికి చొక్కా రంగు. రెండు టీముల ఫస్ట్ బేస్‌మెన్ ఒకే రంగులో ఉండేవాళ్లు. చూసేవాళ్లకి గందరగోళం, ఆడేవాళ్లకి చిరాకు. సీజన్ మధ్యలోనే వదిలేశారు.

మెడ దగ్గర తాడుతో కట్టుకునే చొక్కా, మడత కాలర్ అయితే మామూలుగా 19వ శతాబ్దం చివరి దశాబ్దాలది. తర్వాత గుండీలదే రాజ్యం. జాన్ మెక్‌గ్రా నడిపిన న్యూయార్క్ జెయింట్స్ 1905లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివర జరిగే పెద్ద లీగుల ఫైనల్) గెలిచి, మరుసటి ఏడు ఛాతీ మీద టీమ్ పేరుకి బదులు 'వరల్డ్స్ ఛాంపియన్స్' అని రాయించుకున్నారు. అవి కాలర్ లేని చొక్కాలు. ఆ తర్వాత కొన్నేళ్లకే మడత కాలర్ పాతబడింది, చిన్న నిలువు కాలర్ వచ్చింది, అదీ పోయింది.

వీపు మీద నంబరుంటే ఆగి ఆలోచించండి. న్యూయార్క్ యాంకీస్, క్లీవ్‌లాండ్ ఇండియన్స్ 1929లో మొదలుపెట్టాకే ఇది స్థిరపడింది. యాంకీస్ తొలి ఆట వానకి ఆగిపోవడంతో వీపు నంబర్లతో ముందు మైదానంలోకి దిగింది క్లీవ్‌లాండ్. యాంకీస్ నంబర్లు బ్యాటింగ్ వరసను బట్టి ఇచ్చారు, ఆ టీమ్ పేరున్న ఆటగాళ్లు బేబ్ రూత్‌కి 3, లూ గెరిగ్‌కి 4 వచ్చింది అందుకే. 1910 నాటిదని అమ్మే చొక్కా వీపు మీద నంబరుంటే, అది నకిలీ కావచ్చు, లేదా చిన్న లీగుకి వెళ్లాక కుట్టింది కావచ్చు. నంబర్ కింద ఉన్న బట్ట వెలిసిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. జిప్పు ఉంటే 1937 తర్వాతది, చికాగో కబ్స్ ఆ ఏడు మొదలుపెట్టారు. వీపు మీద ఆటగాడి పేరుంటే 1960 తర్వాతది, చికాగో వైట్ సాక్స్‌తో మొదలు. చేతి మీద 1939 అన్న బేస్‌బాల్ శతాబ్ది బ్యాడ్జీ ఉంటే ఆ ఏడాది పెద్ద లీగ్ టీములన్నీ పెట్టుకున్నదే.

కాలర్ లోపలి లేబుల్ వదలొద్దు. స్పాల్డింగ్, రీచ్, రాలింగ్స్, రైట్ అండ్ డిట్సన్ లాంటి కంపెనీల లేబుళ్లు ఏళ్లతో మారుతూ వచ్చాయి. స్పాల్డింగ్ కంపెనీ ఏటా వేసిన బేస్‌బాల్ గైడ్లు, 1889 నుంచి 1939 దాకా, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. వాటి వెనక పేజీల్లో వచ్చిన ప్రకటనల్లో చొక్కాలు, టోపీలు, బెల్టులు బొమ్మలతో, ధరలతో ఉంటాయి. మీ చొక్కా కాలరు, చేతుల తీరు అక్కడ వెతకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుంటే తెల్లవారేదాకా లేవబుద్ధి కాదు.

అల్ట్రావయొలెట్ టార్చి ఒకటి కొనుక్కోండి. బట్టల్ని తెల్లగా మెరిపించే రసాయనాలు డిటర్జెంట్లలోకీ దారాల్లోకీ వచ్చింది 1940ల నుంచే. చీకట్లో ఆ లైటు వేస్తే అలాంటి దారం నీలంగా వెలుగుతుంది. చొక్కా అంతా మామూలుగా ఉండి, అక్షరాలు కుట్టిన దారమో లేబులో మాత్రమే వెలిగితే అవి తర్వాత కుట్టినవి. చొక్కా మొత్తం వెలిగితే ఎవరో ఈమధ్య డిటర్జెంట్‌తో ఉతికారని అర్థం కావచ్చు, కాబట్టి అది ఒక్కటే సాక్ష్యం కాదు.

ఫలానా ఆటగాడిదే అని తేల్చే అసలైన పద్ధతి ఫొటోతో పోల్చడం. గీతల చొక్కాల్లో ఇది బాగా కుదురుతుంది. చేత్తో కత్తిరించి కుట్టినవి కాబట్టి ఏ గీత ఏ అక్షరం అంచుని తాకుతుంది, గుండీ పక్కన ఎంత దూరంలో గీత వస్తుంది అన్నది ఏ రెండు చొక్కాల్లోనూ ఒకేలా ఉండదు. గీతలు లేని చొక్కాల్లో అక్షరాల వంపు, గుండీలకీ వాటికీ మధ్య దూరం చూస్తారు. 1932 వరల్డ్ సిరీస్ మూడో ఆటలో, చికాగో రిగ్లీ ఫీల్డ్‌లో, బేబ్ రూత్ వేసుకున్న బూడిదరంగు చొక్కా 2005లో 9 లక్షల 40 వేల డాలర్లకి వెళ్లింది. అప్పటి ఫొటోలతో సరిపోల్చి తేల్చాక 2024 ఆగస్టులో అదే చొక్కా 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది. మన చేతికొచ్చేవి ఏ ఊరి టీమ్‌వో, ఏ మిల్లు టీమ్‌వో. కానీ పద్ధతి అదే. ఊరి లైబ్రరీలో పాత వార్తాపత్రికల టీమ్ ఫొటోలు అడగండి.

దాచడం

దుమ్ము తీయాలంటే వాక్యూమ్ గొట్టం మూతికి సన్నని నైలాన్ వల కట్టి, అతి తక్కువ వేగంలో, బట్టకి తగలకుండా పైపైన. నూగు లేచొస్తుంటే ఆపేయండి. ఇంతకుమించిన శుభ్రత టెక్స్‌టైల్ కన్సర్వేటర్, అంటే పాత బట్టల్ని కాపాడే నిపుణులు, చేయాల్సిన పని.

హ్యాంగర్‌కి తగిలించొద్దు. ఉన్ని బరువుకి భుజాల దగ్గర సాగి చిరుగుతుంది. యాసిడ్ లేని అట్టపెట్టె, చొక్కా వీలైనంత పరుచుకుని పట్టేంత పెద్దది, కొనండి. టిష్యూ పేపర్ కొనేటప్పుడు 'అన్‌బఫర్డ్' అని అడగండి. బఫర్డ్ రకంలో క్షారం కలుపుతారు, అది కాటన్‌కి మంచిదే కానీ ఉన్ని, పట్టు లాంటి వాటికి హాని. ఆ టిష్యూని మెత్తటి గొట్టాల్లా చుట్టి చేతుల్లో, మడతల్లో పెట్టండి, మడత పదునుగా పడకూడదు. ఫెల్ట్ అక్షరాల మధ్య కూడా ఒక టిష్యూ, రంగు ఎదుటి బట్టకి అంటకుండా. బెల్టు ఉంటే విడిగా. దాని ఇనుప బకిల్ తుప్పు బట్టకి పట్టిందంటే చిల్లే.

అటక, బేస్‌మెంట్ రెండూ వద్దు. మనం పడుకునే గదిలో అల్మారా కింది అరే మంచి చోటు, ఎందుకంటే మనకి హాయిగా ఉండే వేడీ తేమా దానికీ సరిపోతాయి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. గోడ మీద ఫ్రేమ్ కట్టించి చూసుకోవాలని ఆశ ఉంటే అర్థం చేసుకోగలను, కానీ కిటికీ వెలుతురు ఫెల్ట్ రంగుని ఏళ్లలో మింగేస్తుంది. మ్యూజియంలు బట్టల మీద పడే వెలుతురుని 50 లక్స్ దగ్గర ఆపుతాయి, అదీ కొన్ని నెలలే. ఫొటో పెద్దదిగా వేయించి ఫ్రేమ్ కట్టించండి. అల్మారాలో జిగురు అట్ట, చిమ్మటల కోసం అమ్మేది, ఒకటి పెట్టి మూడు నెలలకోసారి మార్చండి.

పెట్టెలో చొక్కాతో పాటు ఒక కాగితం ఉండాలి. ఎవరిచ్చారు, వాళ్లకి ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ పెట్టెలో దొరికింది, పెన్సిల్‌తో. పక్కింటి పెద్దావిడ ఇచ్చి ఉంటే ఈ వారంలోనే టీకి పిలిచి, ఫోన్‌లో రికార్డు చేస్తూ అడగండి. ఆవిడ తాతగారు ఏ స్థానంలో ఆడేవారు, ఏ ఫ్యాక్టరీ, టీమ్ ఫొటో ఉందా, ఆ ఇంటిపేరు ఎలా రాసేవారు. గొలుసు కుట్టుతో కుట్టిన పేరూ ఆవిడ చెప్పిన పేరూ కలిస్తే ఆ చొక్కాకి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

ఎవరికైనా ఇవ్వాలనుకుంటే, పెద్ద లీగ్ ఆటగాడిదని ఆధారాలున్న చొక్కాకి కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ మ్యూజియం, హాల్ ఆఫ్ ఫేమ్, ఉంది. వాళ్లు వస్తువులు కొనరు, విరాళంగానే తీసుకుంటారు, ముందు ఫొటోలు పంపి అడగాలి. ఊరి టీమ్, మిల్లు టీమ్, చర్చి టీమ్ చొక్కా అయితే ఆ ఊరి హిస్టారికల్ సొసైటీకే ఇవ్వండి. వెతుక్కుంటూ వచ్చే మనవలు అక్కడికే వస్తారు. ఇచ్చేటప్పుడు దానపత్రం మీద రెండువైపులా సంతకాలు పెట్టి ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, పెన్సిల్ కాగితాన్నీ ఆ రికార్డింగునీ చొక్కాతో పాటే అప్పజెప్పండి.